తక్కువ వెలుతురులో మేనిఛాయను ఉన్నదున్నట్టు పట్టుకోవడం: సమగ్ర మార్గదర్శి

రాత్రిపూట గదిలో తీసిన ఫోటోలలో ముఖాలు నారింజ రంగుకు తిరిగిపోతున్నాయని, ఎల్‌ఈడీ దీపాల కింద పాలిపోయినట్టు కనిపిస్తున్నాయని, సరిచేయబోతే బూడిద పూసినట్టు తయారవుతున్నాయని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. నేను చూసినంతలో ఇలాంటి ఫోటోలలో ఎక్కువ భాగం పనుల వరుస తప్పడం వల్లనే పాడవుతున్నాయి. ముందు వెలుతురును చక్కబెట్టుకుని, తరువాత వైట్ బ్యాలెన్స్ (తెల్లని వస్తువు తెల్లగా కనిపించేటట్టు రంగును సర్దే అమరిక) కుదుర్చుకుని, ఆపైన ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి ఎంత వెలుతురు చేరాలన్నది) నిర్ణయించి, చివరిగా కంప్యూటర్ ముందు కూర్చోవాల్సి ఉండగా, చాలామంది నేరుగా ఆ చివరి పనితోనే మొదలుపెడుతున్నారు.

సరైన ఛాయ అనే మాటను నేను ఏ అర్థంలో వాడుతున్నానో ముందే చెప్పడం మంచిది. ఎదుటి మనిషిది చామనఛాయ అయితే చామనఛాయగా, నలుపు అయితే నలుపుగా, ఎరుపు తిరిగిన తెలుపు అయితే అలాగే కనిపించాలి. ముఖాన్ని ఉన్నదానికంటే తెల్లగా చేయడం ఈ మార్గదర్శి పరిధిలో లేదు. ఆ పని చేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను కూడా.

1. ముందుగా తప్పు ఏ రకానిదో పోల్చుకోండి

పాడైన ఫోటోను తెరిచి, ముఖాన్ని పెద్దది చేసి చూడండి. తప్పు దాదాపు ఎప్పుడూ ఈ కింది ఐదింటిలో ఒకటిగా ఉంటుంది.

- ముఖంతో పాటు గోడ, బట్టలు అన్నీ నారింజ రంగులో ఉంటే వైట్ బ్యాలెన్స్ తప్పింది. ఇది అన్నిటికంటే తేలికైన తప్పు.
- ముఖం ఆకుపచ్చ కలిసిన పసుపులో పాలిపోయి ఉంటే దీపంలోనే లోపం ఉంది.
- ఒక చెంప నీలంగా, మరో చెంప నారింజగా ఉంటే రెండు రకాల వెలుతురులు కలిసిపోయాయి.
- నీడ భాగాలలో ఊదా లేదా ఆకుపచ్చ మచ్చలు తేలితే ఎక్స్‌పోజర్ తక్కువైంది.
- నుదుటి మీద, ముక్కు మీద పసుపు పచ్చని బిళ్లలాంటి మెరుపు ఉంటే ఎరుపు ఛానెల్ (ఫోటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లలో ఎరుపుది) నిండిపోయి పొర్లింది.

2. చీకటి పడకముందే చేసుకోవాల్సిన సన్నాహం

కెమెరా అమరికలను వెలుతురు బాగా ఉన్నప్పుడే పూర్తిచేసుకోండి. మసక చీకట్లో, ఎదుట మనిషి కూర్చుని ఎదురుచూస్తుండగా మెనూలు వెతుక్కోవడం మొదలైతే తొందరలో ఏదో ఒకటి మరిచిపోతాం.

- ఫైల్ రకాన్ని రా ఫార్మాట్‌కు (సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు ఉన్నదున్నట్టు దాచే రకానికి) మార్చండి. జేపెగ్ ఫైల్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. నీలం ఛానెల్‌ను తరువాత బాగా పెంచవలసి వచ్చినప్పుడు ఈ తేడా చర్మం మీద స్పష్టంగా తెలుస్తుంది.
- పిక్చర్ స్టైల్‌ను (కెమెరా రంగులకు అద్దే తీరును) న్యూట్రల్‌కు పెట్టండి. తెర మీది బొమ్మ, హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి నుంచి వెలుగు దాకా ఎంతెంత ఉందో చూపే పటం) రెండూ ఆ స్టైల్ ప్రకారమే తయారవుతాయి కనుక, రా తీసేవారికి కూడా ఇది అవసరమే.
- ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌ను ఆన్ చేయండి.
- నీడలను కెమెరా తనంతట తానే వెలిగించే సదుపాయాన్ని, చర్మాన్ని నునుపుచేసే సదుపాయాన్ని ఆపేయండి.
- కెమెరా తెర వెలుగును తగ్గించండి. చీకటి గదిలో తెర అసలు కంటే ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. దాన్ని నమ్మి ఎక్స్‌పోజర్ తగ్గించేవారు చాలామంది ఉన్నారు.
- వైట్ బ్యాలెన్స్ కోసం తయారుచేసిన గ్రే కార్డును (తటస్థ బూడిద రంగు అట్టను) వెంట ఉంచుకోండి. కేవలం ఎక్స్‌పోజర్ కొలవడానికి అమ్మే, తమ మీద పడే వెలుతురులో 18 శాతాన్ని తిప్పిపంపే కార్డులలో కొన్ని రంగు విషయంలో పూర్తిగా తటస్థంగా ఉండవు.

3. వెలుతురును చక్కబెట్టండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించాలి. దీపంలో లేని రంగు చర్మం మీద నుంచి తిరిగి రాదు, తిరిగి రాని రంగును ఏ సాఫ్ట్‌వేరూ సృష్టించలేదు.

ముందు గదిలో ఎన్ని రకాల వెలుతురులు ఉన్నాయో లెక్కపెట్టండి. వెలుతురు రంగును కెల్విన్ సంఖ్యతో చెబుతారు, అది తక్కువైతే నారింజ వైపు, ఎక్కువైతే నీలం వైపు. కొవ్వొత్తి వెలుతురు సుమారు 1,900 కెల్విన్, పాతకాలపు ఫిలమెంట్ బల్బు 2,700 నుంచి 3,000, మధ్యాహ్నపు ఎండ సుమారు 5,500, ఎండ పడని నీడ 7,000 లేదా ఆ పైన ఉంటుంది. మన కళ్లు ఈ తేడాలను తమంతట తాము సర్దుకుంటాయి కనుక గదిలో నిలబడినప్పుడు అవి మనకు పట్టవు. సెన్సర్‌కు ఆ సర్దుబాటు లేదు.

ఒక సాయంత్రం నేను ఒక వృద్ధురాలి ముఖచిత్రం తీశాను. ఆమె కిటికీ పక్కన కూర్చున్నారు, కిటికీలోంచి సంధ్యాసమయపు చల్లని నీలి వెలుతురు వస్తోంది, మరోవైపు బల్లమీద ఫిలమెంట్ బల్బు వెలుగుతోంది. కంటికి ఆ దృశ్యం ఎంతో అందంగా ఉంది. ఇంటికి వచ్చి చూస్తే ఆమె ఎడమ చెంప సీసం రంగులో, కుడి చెంప గుమ్మడిపండు రంగులో ఉన్నాయి, ముక్కు దూలం మీద రెండూ కలిసే చోట ఒక ఊదా గీత తేలింది. ఎడమ చెంపను బాగుచేస్తే కుడి చెంప మండిపోయింది, కుడిదాన్ని చల్లబరిస్తే ఎడమది చచ్చిపోయింది. ఆనాడు చేయవలసింది ఒక్కటే: కిటికీకి తెర వేయడం గానీ, బల్బు ఆర్పేయడం గానీ. రెండు నిమిషాల పని చేయనందుకు ఆ చిత్రం ఇప్పటికీ బాగుపడలేదు.

కనుక నియమం ఇది: ముఖం మీద పడే వెలుతురు ఒకే రకానిదై ఉండాలి. వెనుక గోడ మీద వేరే రంగు పడినా ఫరవాలేదు. ముఖం మీద మాత్రం పడకూడదు. దీనికి ఈ వరుసలో ప్రయత్నించండి.

- అనవసరమైన దీపాలను ఆర్పేయండి. దీపాలు తగ్గాక గది మరింత చీకటి అయినా సరే, రంగు శుభ్రపడుతుంది.
- ఆర్పడం కుదరకపోతే, ఒకే దీపం ప్రధానంగా తగిలేటట్టు మనిషిని జరపండి.
- అదీ కుదరకపోతే, ఒక వెలుతురు ముందు జెల్ (రంగు పారదర్శక పొర) పెట్టి రెండోదానికి దగ్గరగా తీసుకురండి.

మనిషిని దీపానికి దగ్గరగా జరపడం వల్ల మరో గొప్ప లాభం ఉంది. చిన్న దీపం నుంచి దూరం సగమైతే వెలుతురు నాలుగింతలవుతుంది. అంటే 2 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని 1 మీటరుకు తీసుకువస్తే రెండు స్టాప్‌లు (ఒక్కో స్టాప్ అంటే వెలుతురు రెండింతలు కావడం) కలిసివస్తాయి, ఐఎస్‌ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అమరిక) 6400 అవసరమైన చోట 1600 సరిపోతుంది. ఖరీదైన లెన్సు ఇచ్చే లాభం ఒక కుర్చీని జరిపితే దొరుకుతుంది.

తరువాత దీపం నాణ్యతను చూడండి. ఫిలమెంట్ బల్బు వెలుతురు ఎర్రగా ఉన్నా, అందులో అన్ని రంగులూ తెగకుండా ఉంటాయి కనుక వైట్ బ్యాలెన్స్‌తో చక్కగా కుదురుతుంది. చవక ఎల్‌ఈడీలలో, ట్యూబ్‌లైట్లలో కొన్ని రంగులు కొరతగా ఉంటాయి. ముఖ్యంగా ముదురు ఎరుపు లోపిస్తే, చర్మం కింద ప్రవహించే రక్తపు ఛాయ కనిపించక ముఖం నిర్జీవంగా తేలుతుంది. దీపం పెట్టె మీద ఉండే సీఆర్‌ఐ సంఖ్య (దీపం రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పేది) ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును కొలిచే ఆర్9 ఆ సగటులో చేరదు. అందువల్ల కొత్త దీపం కొనేవారు సీఆర్‌ఐ 95 పైన, ఆర్9 కనీసం 90 ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఆర్9 సంఖ్య ముద్రించని దీపాన్ని చర్మం కోసం నేను కొనను.

డిమ్మర్ ఉన్నచోట ఒక జాగ్రత్త అవసరం. ఫిలమెంట్ బల్బును తగ్గించేకొద్దీ దాని వెలుతురు ఇంకా ఎర్రబడుతుంది. కాబట్టి ముందు డిమ్మర్‌ను ఒకచోట స్థిరపరచి, ఆ తరువాతే వైట్ బ్యాలెన్స్ తీసుకోవాలి.

చివరిగా ముఖానికి దగ్గరలో ఉన్న రంగులను గమనించండి. ఆకుపచ్చ గోడ, ఎర్రని శాలువా, మెరిసే నీలి బల్ల తమ రంగును గడ్డం కిందకు, చెంపల పక్కకు విసురుతాయి.  ఒక తెల్లని అట్టముక్కను ఒడిలో పెడితే ఈ బెడద చాలావరకు తీరిపోతుంది.

4. వైట్ బ్యాలెన్స్‌ను చేత్తో కుదర్చండి

ఆటో వైట్ బ్యాలెన్స్ మసక వెలుతురులో ఒక ఫోటోకు ఒక రంగు, మరో ఫోటోకు మరో రంగు ఇస్తుంది. అది ఫ్రేములోని రంగులను చూసి ఊహిస్తుంది కనుక, మనిషి ఎర్ర చొక్కా వేసుకుంటే ఒక రకంగా, నీలి చొక్కా వేసుకుంటే మరో రకంగా లెక్కవేస్తుంది. ఇరవై ఫోటోల వరుసలో ఇరవై ఛాయలు వస్తే వాటిని తరువాత కలపడం ఎంత కష్టమో అనుభవించినవారికి తెలుసు.

- గ్రే కార్డును ముఖం ఉన్నచోటే, ముఖం తిరిగిన దిక్కుకే పట్టించండి. పక్కన బల్లమీద పెట్టి తీస్తే మీరు కొలిచేది బల్లమీది వెలుతురు.
- కార్డు మీద మెరుపు గానీ, వేళ్ల నీడ గానీ పడకుండా చూడండి.
- కార్డు ఫ్రేము మధ్యభాగాన్ని నింపేటట్టు దగ్గరకు వెళ్లి ఒక ఫోటో తీసి, దానితో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ స్థిరపరచండి.
- దీపం మారినా, మనిషి చోటు మారినా, కార్డు ఫోటో మళ్లీ తీయండి.

కార్డు లేకపోతే కెల్విన్ సంఖ్యను మీరే పెట్టుకోవచ్చు. ఫిలమెంట్ బల్బుకు 2,800 దగ్గర మొదలుపెట్టి, తెర చూస్తూ సర్దండి. ట్యూబ్‌లైట్ల కింద కెల్విన్ ఒక్కటే చాలదు. ఆకుపచ్చను తగ్గించడానికి టింట్‌ను (ఆకుపచ్చకూ మెజెంటాకూ, అంటే గులాబీ ఊదాకూ, మధ్య సర్దే అమరికను) మెజెంటా వైపు జరపాలి.

కార్డు బదులు తెల్ల కాగితాన్ని, తెల్ల చొక్కాను వాడకండి. వాటిలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు కొన్ని వెలుతురులలో నీలాన్ని వెదజల్లుతాయి, వాటిని తటస్థం చేయబోతే ముఖం పసుపుకు తిరుగుతుంది. కంటి తెల్లగుడ్డు, పళ్లు కూడా ఇందుకు పనికిరావు.

5. చర్మాన్ని చూసి ఎక్స్‌పోజర్ నిర్ణయించండి

చాలా సెన్సర్ల మీద ప్రతి నాలుగు చుక్కలలో రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపుది, ఒకటి నీలానిది. ఫిలమెంట్ బల్బు వెలుతురులో నీలం చాలా తక్కువ. తెల్లని వస్తువు తెల్లగా కనిపించాలంటే కెమెరా నీలం ఛానెల్‌ను ఆకుపచ్చతో పోలిస్తే రెండింతలకు పైగా పెంచవలసి వస్తుంది, దానితో పాటు ఆ ఛానెల్‌లోని నాయిస్ (ఫోటోలో తేలే గరుకు మచ్చలు) కూడా అంతే పెరుగుతుంది. చెంపల నీడలో కనిపించే మచ్చలకు మూలం ఇదే. అందువల్ల మసక వెలుతురులో ఎక్స్‌పోజర్ తక్కువ చేసి తరువాత పెంచుకుందామనే ఆలోచన చర్మానికి అన్నిటికంటే చెడ్డది.

అవతలి అంచున ఎరుపు ఛానెల్ ఉంది. చర్మంలో ఎరుపు ఎక్కువ, వెలుతురులోనూ ఎరుపు ఎక్కువ కనుక, ముందుగా నిండిపోయేది అదే. ఎరుపు నిండి ఆగిపోయాక ఆకుపచ్చ ఇంకా పెరుగుతూ ఉంటే, నుదుటి రంగు నారింజ నుంచి పసుపుకు జారిపోతుంది. మొత్తం వెలుగును మాత్రమే చూపే తెలుపు రంగు హిస్టోగ్రామ్ ఒక్కటే చూసేవారికి ఈ ప్రమాదం కనిపించదు. ఎరుపు రేఖ కుడి అంచును తాకకుండా, దానికి కొంచెం ఇవతల ఆగేటట్టు ఎక్స్‌పోజర్‌ను పెట్టండి.

కొలవడానికి స్పాట్ మీటరింగ్ (ఫ్రేములో ఒక చిన్న చోటునే కొలిచే పద్ధతి) వాడి, వెలుతురు పడుతున్న చెంపను చూపించండి. మీటర్ ఏ వస్తువునైనా మధ్యస్థ బూడిద రంగుగా లెక్కిస్తుంది కనుక, మీరు దాన్ని సవరించాలి. లేత చర్మానికి మీటర్ చెప్పినదానికంటే సుమారు ఒక స్టాప్ ఎక్కువ, చామనఛాయకు మీటర్ చెప్పినంత, బాగా నల్లని చర్మానికి సుమారు ఒక స్టాప్ తక్కువ ఇస్తే ఛాయ నిలుస్తుంది. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే, తుది మాట హిస్టోగ్రామ్‌దే. మనిషి దగ్గరకు వెళ్లడం కుదరనప్పుడు అదే వెలుతురులో మీ అరచేతిని కొలిచి ఒక స్టాప్ పెంచండి. అరచేతి ఛాయ మనుషుల మధ్య ముఖఛాయ అంతగా మారదు.

నల్లని చర్మం ఉన్నవారి విషయంలో ఒక మాట. వారిని చీకటి నేపథ్యం ముందు నిలబెట్టి ఆటో ఎక్స్‌పోజర్‌తో తీస్తే చర్మం కడిగేసినట్టు తేలిపోతుంది, వెలుగుతున్న కిటికీ ముందు తీస్తే ముఖం బొగ్గులో కలిసిపోతుంది. ఈ రెండూ ఆ మనిషికి అన్యాయమే. నల్లని చర్మం అందం దాని మీద పడే మెరుపులలో ఉంటుంది కాబట్టి, దీపాన్ని పక్కకు, వెడల్పుగా ఉంచి, ఆ మెరుపులు మెత్తగా వచ్చేటట్టు చూడండి.

షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) కూడా రంగును మారుస్తుంది. 50 హెర్ట్జ్ విద్యుత్తు ఉన్నచోట చాలా దీపాలు సెకనుకు 100 సార్లు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 120 సార్లు మినుకుతాయి. షట్టర్ అంతకంటే వేగంగా తెరుచుకుని మూసుకుంటే ఒక్కో ఫోటోకు వెలుగూ రంగూ మారిపోతాయి, ముఖానికి అడ్డంగా పట్టీలు కూడా పడవచ్చు. మొదటి చోట 1/50 లేదా 1/100 సెకను, రెండో చోట 1/60 లేదా 1/125 సెకను వాడండి. తగ్గించి పెట్టిన ఎల్‌ఈడీల మినుకు వేరే వేగంలో ఉంటుంది కనుక, వాటిని పూర్తిగా పెంచి, మనిషిని కాస్త దూరం జరపడం మేలు.

ఐఎస్‌ఓను చివరిగా పెంచండి, పెంచడానికి భయపడకండి. ఐఎస్‌ఓ 3200 దగ్గర సరిగ్గా వెలిగిన ముఖం, ఐఎస్‌ఓ 800 దగ్గర తీసి రెండు స్టాప్‌లు పైకి లాగిన ముఖం కంటే సాధారణంగా మెరుగ్గానో, కనీసం సమానంగానో ఉంటుంది.

6. ఫ్లాష్ వాడవలసి వస్తే

ఫ్లాష్ వెలుతురు దాదాపు 5,500 కెల్విన్ ఉంటుంది. బల్బుల గదిలో దాన్ని అలాగే వాడితే ముఖం సరిగ్గానే ఉన్నా వెనుక గది మొత్తం నారింజలో మునుగుతుంది, అంచులలో ముఖం కూడా. ఫ్లాష్ ముందు పూర్తి సీటీఓ జెల్ (ఫ్లాష్ వెలుతురును బల్బు రంగుకు తిప్పే నారింజ జెల్) పెట్టి వైట్ బ్యాలెన్స్‌ను 3,200 దగ్గరకు తెచ్చుకుంటే రెండూ కలిసిపోతాయి. బౌన్స్ చేసేటప్పుడు (ఫ్లాష్‌ను దేనికైనా తగిలించి ముఖం మీదకు తిప్పేటప్పుడు) తెల్లని పైకప్పునే ఎంచుకోండి. రంగు గోడకు తగిలిన ఫ్లాష్ ఆ గోడ రంగునే ముఖానికి తెస్తుంది.

7. కంప్యూటర్‌పై సవరించే వరుస

మొదట మానిటర్‌ను క్రమబద్ధం చేయండి. తెర తెలుపు డీ65 (పగటి వెలుతురును పోలిన ప్రామాణిక తెలుపు) వద్ద, వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉండాలి. రాత్రిపూట తెరను పసుపు చేసే సదుపాయాన్ని ఆపేయండి. అది ఆన్‌లో ఉండగా సవరించిన ముఖాలన్నీ మరునాడు నీలంగా కనిపిస్తాయి.

ఆపై ఈ వరుసను పాటించండి.

- గ్రే కార్డు ఫోటోతో వైట్ బ్యాలెన్స్ తీసుకుని, అదే వెలుతురులో తీసినవాటన్నిటికీ అంటించండి.
- కెమెరా ప్రొఫైల్‌ను (సెన్సర్ పట్టిన రంగులను అసలు రంగులకు మార్చే పట్టికను) ఎంచుకోండి.
- ఎక్స్‌పోజర్, నీడలు సర్దండి.
- రంగుల నాయిస్‌ను తగ్గించండి.
- అప్పటికీ తేడా ఉంటేనే నారింజ రంగు హ్యూను (రంగు ఎటు మొగ్గాలో సర్దే అమరికను) కొద్దిగా కదపండి.

ప్రొఫైల్ గురించి కొంచెం వివరించాలి. చాలా ప్రొఫైళ్లను రెండు ప్రామాణిక వెలుతురుల కోసం, అంటే 2,856 కెల్విన్ బల్బు వెలుతురు, 6,504 కెల్విన్ పగటి వెలుతురు కోసం తయారుచేస్తారు. ఎల్‌ఈడీలోని కొరతలు వాటికి తెలియవు. ఒకేచోట పదేపదే తీసేవారు 24 గళ్ల కలర్ చార్టును ఆ వెలుతురులోనే తీసి, సొంత ప్రొఫైల్ తయారుచేసుకుంటే మిగిలిన కష్టం సగం తగ్గుతుంది.

అంకెలతో సరిచూడడం కూడా నేర్చుకోండి. ఆ చార్టులోని మొదటి రెండు గళ్లు చర్మానివే. ఎస్‌ఆర్‌జీబీలో (తెరలకు సాధారణంగా వాడే రంగుల కొలమానంలో) ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసన ముదురు చర్మపు గడి విలువ సుమారు 115, 82, 68. లేత చర్మపు గడిది సుమారు 194, 150, 130. ఛాయ ఎంత మారినా ఎరుపు పైన, ఆకుపచ్చ మధ్యన, నీలం కింద ఉన్నాయి, ఎరుపుకూ ఆకుపచ్చకూ ఉన్న దూరం ఆకుపచ్చకూ నీలానికీ ఉన్న దూరానికి రెండింతల పైన ఉంది. మీ ఫోటోలో చెంప మీద కర్సర్ పెట్టి చూడండి. ఆకుపచ్చ ఎరుపుకు మరీ దగ్గరైతే ముఖం పాలిపోతుంది. నీలం ఆకుపచ్చను దాటితే ముఖం గులాబీ ఊదాకు తిరుగుతుంది. నీలం మరీ కిందకు పోతే నారింజ మిగిలి ఉన్నట్టు.

బల్బు వెలుతురును పూర్తిగా తుడిచేయవలసిన అవసరం లేదు. కార్డు 2,900 చూపితే సాఫ్ట్‌వేర్‌లో 3,100 లేదా 3,200 పెట్టి, కొంచెం వెచ్చదనం ఉంచితే ఆ గది ఆ గదిలాగే ఉంటుంది. ఆ వెచ్చదనాన్ని చివరన, కొలత ప్రకారం కలపండి.

8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాట్లు

పెదవుల ఎరుపు చెంపలోకి కారినట్టు ఉంది: రంగుల నాయిస్ రిడక్షన్ ఎక్కువైంది. దాన్ని సగానికి తగ్గించి, మిగిలిన చిన్న గరుకుతనాన్ని అలాగే ఉండనివ్వండి.

నారింజను తగ్గించబోతే ముఖం బూడిదైంది: శాచురేషన్‌తో (రంగు గాఢతతో) వైట్ బ్యాలెన్స్ తప్పును దిద్దారు. శాచురేషన్‌ను సున్నాకు తెచ్చి, కెల్విన్, టింట్ దగ్గర మళ్లీ మొదలుపెట్టండి.

ముఖం సరిగ్గా ఉంది, మెడ ఆకుపచ్చగా ఉంది: రెండో వెలుతురు గానీ, ప్రతిఫలనం గానీ పడింది. బ్రష్‌తో మెడను మాత్రమే ఎంచుకుని టింట్‌ను మెజెంటా వైపు జరపండి. పెద్దగా ఉన్న తేడాను ఇలా దాచలేరు.

నుదుటి మీద పసుపు బిళ్ల: రా ఫైల్‌లో ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి చూడండి. రంగు తిరిగి వస్తే నిండినది జేపెగ్ మాత్రమే. తిరిగి రాకపోతే ఆ చోటు సమాచారం పోయింది, పక్క చర్మపు రంగును తక్కువ బలంతో అద్దడం ఒక్కటే మిగులుతుంది.

పసుపు సోడియం వీధిదీపం కింద తీసిన ముఖం ఎంత తిప్పినా ఒకే రంగులో ఉంది: పాత తక్కువ పీడన సోడియం దీపం వెలుతురు దాదాపు మొత్తం 589 నానోమీటర్ల దగ్గర ఒకే రంగుగా ఉంటుంది. అక్కడ వైట్ బ్యాలెన్స్‌కు సరిచేయడానికి రెండో రంగే లేదు. రంగు తప్పనిసరి అయితే మంచి ఎల్‌ఈడీనో, ఫ్లాష్‌నో ముఖం మీదకు తెచ్చి మళ్లీ తీయండి. మళ్లీ తీసే వీలు లేకపోతే ఆ ఫోటోను నలుపు తెలుపుగా మార్చి, ముఖంలోని వెలుగునీడలను కాపాడండి.